‘తప్పెవరిది’ అని అడగొద్దన్నాం: మా హైస్కూల్లో రాజీ బ్యాచ్

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంటర్వెల్ బెల్లు కొట్టిన రెండో నిమిషానికి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర పంచాయితీ మొదలవుతుంది. “మేడం, వీడు నా బ్యాగు తన్నాడు.” “లేదు మేడం, ముందు వాడే మా నాన్న పేరెత్తాడు.” వాళ్ల వెనక సాక్ష్యం చెప్పడానికి ఇంకో నలుగురు. టీ గ్లాసు చేత్తో పట్టుకునే విచారణ చెయ్యాలి, తీర్పు చెప్పాలి, మళ్లీ బెల్లు కొట్టేలోపు క్లాసుకి పరిగెత్తాలి. మాది బాపట్ల జిల్లాలో కాలువ కింద ఊరు. అక్కడ నేను సోషల్ చెబుతాను. ఈ తగాదాలు తీర్చే పని పిల్లలకే అప్పజెప్పి చూశాం. ఇలాంటిది మొదలుపెట్టాలనుకునే టీచర్లకి పనికొస్తుందని ఆ సంగతులు రాస్తున్నాను.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. బెత్తం మూలన పడింది. గోడకుర్చీ, గుంజీలు కూడా శిక్షలేనని మాకు మేం చెప్పుకోవడానికి ఇంకొంత కాలం పట్టింది. చివరికి మిగిలింది మా పీఈటీ సార్ పద్ధతి. “సారీ చెప్పుకోండి, షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి, పొండి.” నిమిషంలో అయిపోయేది. అదే గొడవ సాయంత్రం బస్టాప్ దగ్గర మళ్లీ మొదలయ్యేది. ఈసారి అన్నలూ బాబాయిలూ కూడా దిగేవాళ్లు.

మా అక్క వాళ్లు కాలిఫోర్నియాలో ఉంటారు. అక్క కూతురు ఒకరోజు వీడియో కాల్‌లో తను స్కూల్లో పీర్ మీడియేటర్ అయ్యానని చెప్పింది. “ఇద్దరు గొడవపడితే మేం కూర్చోబెట్టి మాట్లాడిస్తాం పిన్నీ. మేం ఏం చెయ్యాలో చెప్పకూడదు, వాళ్లే చెప్పుకోవాలి.” ఆరో తరగతి పిల్ల. ఆ మాట నాకు బాగా పట్టుకుంది. తర్వాత చదివితే తెలిసింది, ఇది అక్కడ నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1972లోనే న్యూయార్క్‌లో క్వేకర్లు (హింస వద్దనే ఒక క్రైస్తవ శాఖవాళ్లు), కొట్టుకోకుండా గొడవలు తేల్చుకోవడం పిల్లలకు నేర్పే కార్యక్రమం ఒకటి పెట్టారు. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కమ్యూనిటీ బోర్డ్స్ అనే సంస్థ ఇరుగుపొరుగు తగాదాలను కోర్టుదాకా పోనివ్వకుండా ఆ పేట వాళ్లచేతే మాట్లాడించడం మొదలుపెట్టింది. 80ల మొదట్లో అదే పద్ధతిని బళ్లలోకి తీసుకెళ్లింది. పెద్దమనుషుల పంచాయితీ తెలిసిన మనకి ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. కొత్త ఉంది, చాలా ఉంది. మా వాళ్లకి ట్రైనింగ్ ఇవ్వడం మొదలెట్టాక గానీ అది బయటపడలేదు.

హెడ్మాస్టర్ గారు ముందు ఒప్పుకోలేదు. “పిల్లలకి పెత్తనం ఇస్తే నెత్తికెక్కుతారమ్మా” అన్నారు. అదృష్టం కొద్దీ ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన స్కూల్ హెల్త్ ప్రోగ్రాంలో నేను ట్రైనింగ్ తీసుకుని ఉన్నాను. స్కూలుకి ఇద్దరు టీచర్లకి ఆ శిక్షణ ఇస్తారు, హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు అంటారు. అందులో 11 అంశాలున్నాయి. తోటివాళ్లతో సంబంధాలు ఒకటి, హింస నుంచి రక్షణ ఇంకొకటి. ఆ కాగితం ముందు పెట్టేసరికి, “సరే, దాని కింద వేసుకో. నన్ను మాత్రం ఇరికించకు” అన్నారు. గవర్నమెంటు స్కూల్లో ఇంతకంటే గట్టి అనుమతి దొరకదు.

ఎవర్ని తీసుకోవాలనే దగ్గర స్టాఫ్‌లో పెద్ద చర్చే నడిచింది. టీచర్లు ఇచ్చిన లిస్టులో అందరూ క్లాస్ లీడర్లు, ఫస్టు ర్యాంకు వాళ్లు. నేను పిల్లలకి తెల్ల చీటీలు పంచాను. “నీకు ఎవరితోనైనా గొడవైతే క్లాసులో ఎవరికి చెప్పుకుంటావు?” పేరు రాసి డబ్బాలో వెయ్యాలి, తమ పేరు రాయక్కర్లేదు. చీటీలు విప్పితే లీడర్ల పేర్లు పెద్దగా లేవు. వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చునే ఒక అమ్మాయి పేరు ఎక్కువసార్లు వచ్చింది. తొమ్మిదో తరగతిలో వారానికో గొడవలో ఉండే ఒకడి పేరు కూడా వచ్చింది. వాణ్ని తీసుకుంటానంటే స్టాఫ్ రూమ్‌లో అందరూ నావైపు అదోలా చూశారు. అయినా తీసుకున్నాం. అబ్బాయిలు, అమ్మాయిలు సమానంగా ఉండాలి. ఊళ్లోవాళ్లూ కాలనీవాళ్లూ, హాస్టల్ పిల్లలూ రోజూ వచ్చిపోయేవాళ్లూ, సాయిబుల పిల్లలూ ఉండాలి. ఇది ఎవర్నో మెప్పించడానికి కాదు. మధ్యవర్తులిద్దరూ ఒకే వీధి వాళ్లయితే అవతలి వీధివాడు నోరు విప్పడు.

ట్రైనింగ్ గేమ్స్ పీరియడ్‌లోనూ శనివారం చివరి గంటలోనూ పెట్టుకున్నాం. సాయంత్రం నాలుగు దాటితే బస్సు పోతుంది, కాబట్టి బడి అయ్యాక అనే మాటే లేదు. మొదటిరోజు ఒక ఉత్తుత్తి గొడవ ఇచ్చాను. ఒకడు ఇంకొకడి జామెట్రీ బాక్సు విరగ్గొట్టాడు. ఇద్దరు మధ్యవర్తులు కుర్చీల్లో కూర్చున్నారు. రెండు నిమిషాలు కాకుండానే ఒకడు కాలు మీద కాలు వేసుకుని, “తప్పు నీదే. యాభై రూపాయలు జరిమానా. వాడి కాళ్లు పట్టుకో” అన్నాడు. గది గదంతా నవ్వు. నేనూ నవ్వాను. “ఇదేంట్రా?” అంటే వాడు ఏమాత్రం తడుముకోకుండా, “ఊళ్లో ఇలాగే చేస్తారు కదా మేడం” అన్నాడు.

వాడన్నదీ నిజమే. పెద్దాయన వింటాడు, తప్పెవరిదో తేలుస్తాడు, దండుగ వేస్తాడు. ఇంట్లో నాన్నా అంతే, బళ్లో మేమూ అంతే. పిల్లలు పుట్టి బుద్ధెరిగాక తగాదా తీరడం అంటే చూసింది అదొక్కటే. ఇక్కడ మాత్రం మధ్యవర్తి తీర్పు చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు, ముఖం మీద కూడా ఎవరిది న్యాయమో కనపడనివ్వకూడదు. మా ట్రైనింగ్ సగం ఈ ఒక్కదాని మీదే గడిచిపోయింది. ‘తప్పెవరిది’ అనే మాటని నిషేధించాం. ‘ఎందుకు’ కూడా పనికిరాదని తర్వాత అర్థమైంది. “ఎందుకు కొట్టావు?” అంటే వెంటనే పోలీసు ప్రశ్నలాగా వినిపిస్తుంది, అవతలివాడు సాకు వెతుక్కుంటాడు. “అప్పుడు ఏం జరిగింది?” “ఆ తర్వాత?” “ఇప్పుడు నీకేం కావాలి?” ఈ మూడింటితో చాలా దూరం పోవచ్చు.

ఇంకో కష్టం, విన్నది తిరిగి చెప్పడం. అవతలివాడు చెప్పింది మధ్యవర్తి తన మాటల్లో చెప్పి “అంతేనా?” అని అడగాలి. మొదట్లో చిలక పలుకుల్లా ఉండి వాళ్లకే నవ్వొచ్చేది. అసలు చిక్కు బూతుల దగ్గర వచ్చింది. “వాడు నన్ను ఫలానా అన్నాడక్కా” అని ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. దాన్ని మళ్లీ మధ్యవర్తి నోటితో అంటే మంట ఇంకా రాజుకుంటుంది. అనకపోతే వినలేదనుకుంటాడు. వెనక బెంచీ అమ్మాయే దారి చూపించింది. “నిన్ను అమ్మని కలిపి తిట్టాడు. అదీ నలుగురి ముందు. అంతేనా?” బూతు పోయింది, దెబ్బ మాత్రం మిగిలింది. చెప్పేవాడి భుజాలు కిందికి దిగడం కంటికి కనిపిస్తుంది. ఆ కిటుకు నేను నేర్పింది కాదు.

ఏర్పాటు చాలా మామూలుది. లైబ్రరీ గది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. గొడవపడ్డవాళ్లని ఎదురెదురుగా కూర్చోబెడితే చూపులతోనే కొట్టుకుంటారు. అందుకని ఇద్దర్నీ ఒకే వైపు, మధ్యలో ఒక కుర్చీ ఎడం ఉంచి కూర్చోబెడతాం. మధ్యవర్తులు ఎప్పుడూ ఇద్దరుంటారు, బల్లకి అవతల. నియమాలు ముందే చెబుతారు. ఒకరు చెప్పేటప్పుడు ఇంకొకరు అడ్డు రాకూడదు, తిట్టకూడదు, ఇక్కడి మాట బయట పొక్కకూడదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు, బలవంతం లేదు. మేం కాగితం మీద ‘స్నేహ బృందం’ అని రాసుకున్నాం. పిల్లలు ‘రాజీ బ్యాచ్’ అన్నారు. ఆ పేరే నిలబడింది.

ఒక కేసు వివరంగా చెబుతాను. ఎనిమిదో తరగతి అబ్బాయిలిద్దరు. సైకిల్ స్టాండులో ఒకడి సైకిలుకి రోజూ గాలి పోతోంది. తర్వాత వాల్వు ట్యూబే మాయమైంది. వాడు పక్కూరిదాకా తోసుకుంటూ పోవాలి. అనుమానం ఉన్నవాడి కాలరు పట్టుకున్నాడు, చొక్కా గుండీలు ఊడాయి. మధ్యవర్తులుగా పదో తరగతి అమ్మాయి, ఇందాక చెప్పిన మా గొడవల వీరుడు కూర్చున్నారు. నేను గది మూల బీరువా దగ్గర పేపర్లు దిద్దుతున్నట్టు ఉన్నాను.

“తమ్ముడూ, ముందు నువ్వు చెప్పు. నీ వంతు తర్వాత వస్తుంది, అప్పటిదాకా ఆగు” అంది ఆ అమ్మాయి. వాడు చెప్పాడు. “అంటే రోజూ తోసుకుంటూ వెళ్తున్నావు, లేటవుతోంది, ఇంట్లో తిడుతున్నారు. అంతేనా?”

“తిట్టడం కాదక్కా. గేదెకి గడ్డి కోసుకురావాలి. నేను వెళ్లేసరికి చీకటి పడిపోతోంది.”

రెండోవాడు నేను తియ్యలేదంటే తియ్యలేదన్నాడు. నేనైతే అక్కడే సాక్షుల్ని పిలిచేదాన్ని. మా వీరుడు ఆ ఊసే ఎత్తలేదు. “వీడితో నీకు ఎప్పట్నించి పడట్లేదు?” అని అడిగాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్లాడు బల్ల అంచు గోకుతూ, “నాట్లప్పట్నించి” అన్నాడు.

నాట్లప్పుడు కాలువ చివర నీళ్లు సరిగ్గా అందవు. వంతులు వేసుకుంటారు. రాత్రిపూట ఒకరి మడవ ఇంకొకరు కట్టేసుకున్నారని తండ్రుల మధ్య మాటామాటా పెరిగింది. ఒకరి గుమ్మం ఒకరు తొక్కట్లేదు. “మా నీళ్లు మీరు కట్టేసుకుని, పైగా మా నాన్ననే తిట్టారు” అని వాడు. “కట్టింది మా నాన్న, నేనా?” అని వీడు. నాకు నోరు ఊరుకోలేదు. లేచి ఏదో చెప్పబోయాను. ఆ అమ్మాయి నావైపు ఒక చూపు చూసింది, కూర్చున్నాను. “నీళ్ల సంగతి మన చేతిలో లేదు. సైకిలు సంగతి ఉంది. దానికేం చేద్దాం, మీరే చెప్పండి” అంది.

వాళ్లిద్దరూ చెప్పి రాయించిన మాటలు ఇవి: “ఒకరి సైకిలు జోలికి ఒకరు పోం. పొలం సంగతి బళ్లో ఎత్తం. వేరేవాళ్లు ఎత్తితే అక్కణ్నించి వెళ్లిపోతాం.” మూడో వాక్యం నాకు తట్టేది కాదు. వాళ్లకి తెలుసు, మంట పెట్టేది ఎప్పుడూ పక్కనున్నవాళ్లే. మర్నాడు వాల్వు ట్యూబు ఆ సైకిలు క్యారేజీకి కట్టి ఉంది. ఎవరు కట్టారని ఎవరూ అడగలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. రెండ్రోజులకి ఒక తండ్రి సరాసరి హెచ్‌ఎం గదిలోకి వచ్చేశాడు. “మా పిల్లోడి చేత నీళ్ల గురించి ఏదో రాయించి సంతకం పెట్టించారంట. ఏంటది సార్?” హెచ్‌ఎం గారికి టెన్షన్. నన్ను పిలిపించారు. అప్పటికి మేం అమెరికా పద్ధతిలోనే ఒప్పందం కింద ఇద్దరి సంతకాలు తీసుకుంటున్నాం. మన ఊళ్లలో కాగితం మీద సంతకం అంటే ప్రామిసరీ నోటే గుర్తొస్తుంది, ఆయన్ని అనడానికేం లేదు. కాగితం చూపించాం. చదివి, “పొలం సంగతి బళ్లో ఎత్తం” దగ్గర ఆగాడు. “ఇదేదో బానే ఉంది” అని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి సంతకాలు మానేశాం. రాసిన కాగితం పిల్లలే ఉంచుకుంటారు. మా దగ్గర రిజిస్టరులో తేదీ, తరగతి, పక్కన ఒక మాట: కుదిరింది, కుదరలేదు, టీచరుకి పంపాం. అంతకుమించి రాయం, పేర్లు కూడా ఉండవు.

ఆ మూడో మాట గురించి చెప్పాలి. అన్నీ రాజీకి వచ్చేవి కావు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడతారు కదా, తొమ్మిదో తరగతివాడొకడు ఆరో తరగతి పిల్లాడి దగ్గర రోజూ గుడ్డు లాక్కుంటున్నాడు. ఒక సార్ ఆ ఇద్దర్నీ రాజీ బ్యాచ్ దగ్గరికి పంపించారు. నేను వెనక్కి పంపాను. లాక్కునేవాడికీ పోగొట్టుకున్నవాడికీ మధ్య రాజీ ఏముంటుంది, చెరి సగం గుడ్డా? బలం ఒకవైపే ఉన్నచోట “ఇద్దరికీ ఏం కావాలి” అని అడగడమే చిన్నవాడికి అన్యాయం. అది పెద్దవాళ్లు ఆపాల్సిన పని. డబ్బు గుంజడం, ఒంటి మీద చెయ్యి వెయ్యడం, అమ్మాయి వద్దన్నా వెంటపడటం, ఇంట్లో కొడుతున్నారని పిల్ల చెప్పడం, ఇలాంటివి ఏవి విన్నా మధ్యవర్తులు అక్కడితో ఆపి మా దగ్గరికి రావాలి. మాట బయట పొక్కనివ్వం అనే నియమం వీటికి వర్తించదని మొదట్లోనే చెప్పేస్తారు. అవసరమైతే మేం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తాం.

క్రికెట్‌లో ఔటా కాదా అనే గొడవ ఒకటి అలాగే ఆగింది. సగంలో మధ్యవర్తులిద్దరూ బయటికి వచ్చారు. “మేడం, ఇది మా దగ్గర తెమిలేది కాదు. వీడు వాణ్ని కులం పెట్టి అన్నాడు.” చెప్పిన పిల్లాడిది కూడా కాలనీయే. గొంతు వణుకుతోంది, అయినా గదిలో ఒక్క మాట తూలలేదు. 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం ఉన్న దేశంలో దీన్ని “సారీ చెప్పుకోండర్రా” అని తుడిచెయ్యడం ఇన్నాళ్లూ మేం చేస్తూ వచ్చిందే. ఆ రోజు కుదరలేదు. హెచ్‌ఎం గారు ఇద్దరి తల్లిదండ్రులనీ పిలిపించారు. ఆ మాట అన్న పిల్లాడి తండ్రి మొదట, “పిల్లల మాటలకి ఇంత రాద్ధాంతమా” అన్నాడు. హెచ్‌ఎం గారు గట్టిగానే మాట్లాడారు. ఆయన్ని అంత గట్టిగా మాట్లాడగా నేను అంతకుముందు చూడలేదు. ఈ మొత్తం కార్యక్రమంలో నాకు నచ్చింది ఏదని అడిగితే, కుదిరిన రాజీల కంటే ముందు ఆ పిల్లలిద్దరూ లేచి బయటికి రావడమే చెబుతాను.

కుదరనివీ ఉన్నాయి. తొమ్మిదో తరగతి స్నేహితురాళ్లిద్దరికి వాట్సాప్ స్టేటస్ దగ్గర చెడింది. “నమ్మినవాళ్లే వెన్నుపోటు పొడుస్తారు” అని ఒకమ్మాయి పెట్టింది, అది నా గురించేనని రెండో అమ్మాయి. ఎంత మాట్లాడించినా మళ్లీ కలవలేదు. స్టేటస్‌లు మానేస్తామన్నారు, బెంచీలు మారారు, అంతే. మధ్యవర్తిగా కూర్చున్న అమ్మాయి నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఫెయిలయ్యానని. రిజిస్టరులో ‘కుదిరింది’ అనే రాయమన్నాను. కొట్టుకోకుండా దూరంగా ఉండటం కూడా ఒప్పందమే, పెద్దవాళ్లం మనం ఎంతమందితో అలా నెట్టుకురావట్లేదు?

గొడవలు తగ్గాయా అని అందరూ అడుగుతారు. బడిలో గొడవలు తగ్గాయని నేను చెప్పలేను. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర క్యూ మాత్రం తగ్గింది, టీ వేడిగా తాగుతున్నాం. మా గొడవల వీరుడు పూర్తిగా మారిపోయాడని కూడా అనుకోకండి. దసరా సెలవులయ్యాక కబడ్డీలో ఒకణ్ని తోసేశాడు. “వీణ్ని తీసెయ్యండి, అప్పుడే చెప్పాం” అన్నారు సార్లు. తీసెయ్యలేదు. బల్లకి ఇవతల కుర్చీలో కూర్చోబెట్టాం. వాడు జూనియర్ల ముందు తలదించుకుని కూర్చుని, తన వంతు వచ్చాక, “నాకు ఒళ్లు మండింది, తోశాను. వాడు కావాలని కాలు అడ్డం పెట్టలేదని ఇప్పుడు తెలిసింది” అన్నాడు. తర్వాత మళ్లీ మధ్యవర్తిగానే కూర్చున్నాడు, ఇంకా బాగా కూర్చున్నాడు.

మొదలుపెట్టేవాళ్లకి ఒక్కటి చెబుతాను, పదో తరగతి వాళ్లని పెట్టుకోవద్దు. సంక్రాంతి దాటగానే స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు అంటూ మాయమైపోతారు, ఉన్న పళంగా టీమ్ సగమవుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లయితే రెండేళ్లు ఉంటారు, కొత్తవాళ్లకి వాళ్లే నేర్పుతారు. మా దగ్గర ఇప్పుడు ట్రైనింగ్ సగం పిల్లలే నడుపుతున్నారు. జామెట్రీ బాక్సు నాటకం మాత్రం మార్చలేదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవడో ఒకడు కాలు మీద కాలు వేసుకుని జరిమానా వేస్తాడు. రేటు ఇప్పుడు వంద రూపాయలకి పెరిగింది.

మొన్నటి బదిలీల్లో పాత హెచ్‌ఎం గారు వెళ్లిపోయారు. కొత్తాయన రికార్డులన్నీ చూస్తూ ఈ రిజిస్టరు దగ్గర ఆగారు. “ఇది ఏ జీవో ప్రకారం మేడం?” అన్నారు. జీవో లేదన్నాను. స్కూల్ హెల్త్ ప్రోగ్రాం కాగితం చూపించి, 2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టంలో ఊరి తగాదాలకి ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్ పెట్టుకోవచ్చని కూడా ఉంది సార్ అని చెప్పాను. అది బళ్ల గురించి కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. కాసేపు పేజీలు తిప్పారు. “సరే, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు దీన్ని బల్ల మీద పెట్టకండి” అన్నారు. లైబ్రరీ గది తాళం మాత్రం పిల్లలు అడగ్గానే ఇస్తున్నారు.